నీళ్లు తగ్గాక విరిగే ఒడ్డు

పోయిన వేసవిలో, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు అసిస్టెంట్ ఇంజినీర్లు తిరువూరులో మా ఇంటికొచ్చారు. ఒకమ్మాయి, ఒకబ్బాయి. "సార్, మీరు ముప్పై ఏళ్లకు పైగా వాగుల మీద పనిచేశారట. ఫీల్డులో మేం ఏం చూసుకోవాలో చెప్పండి" అన్నారు. మా ఆవిడ రజియా టీ ఇచ్చింది. నేను గంటసేపు మాట్లాడాను. ఎవరో తీసిన నేల ఎత్తుపల్లాల లెవెల్స్ నమ్మొద్దన్నాను. ఎండాకాలంలో చూసిన వాగుని వానాకాలంలో మళ్లీ వెళ్లి చూడమన్నాను. కాంట్రాక్టరు జీపెక్కొద్దన్నాను. వాళ్లు శ్రద్ధగా రాసుకుని వెళ్లారు.

గేటు వేసి లోపలికొచ్చాక, అసలు చెప్పాల్సిన సంగతి చెప్పలేదని తెలిసింది. మరిచిపోయి కాదు. ఎదురుగా కూర్చున్న ఆ ఇద్దరి ముఖాలు చూస్తూ చెప్పడానికి నోరు రాలేదు. కాగితం ముఖం చూడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు మౌలాలి. మా నాన్నకి తిరువూరు బస్టాండు వెనక లారీలకు కమాను కట్టలు మార్చే షెడ్డు ఉండేది. ఇనుము ఎక్కడ అరుగుతుందో, ఎక్కడ విరుగుతుందో ఆయన చేత్తో తడిమి చెప్పేవాడు. నేను ఇంజినీరింగు చదివి నేల అరుగుదల చూసే ఉద్యోగంలో చేరాను. వాన నీళ్లతో పాటు మట్టి కొట్టుకుపోకుండా చెక్‌డ్యాములు కట్టడం, వాగు ఒడ్లు కోసుకుపోయే చోట రాళ్లు పేర్చడం మా శాఖ పని. ప్రమోషన్ల సంగతి రాయను. అవి అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చాయి.

కొండ ఒంట్లోంచి రాలిన నేల

నా మొదటి బాసు డిప్యూటీ ఇంజినీరు విశ్వనాథం గారు. సన్నగా, కాస్త వంగి నడిచే మనిషి. చేరిన వారంలోనే నన్ను జీపులో రెడ్డిగూడెం వైపు తీసుకెళ్లారు. దారి పక్కన ఆపించి ఒక కొండ చూపించారు.

"ఎంత ఎత్తుంటుంది మౌలాలీ?"

"నూట యాభై మీటర్లుంటుందేమో సార్."

"ఒకప్పుడు ఎంతుండేదో తెలుసా?"

తెలీదన్నాను. ఆయనకీ తెలీదట. ఎవరికీ సరిగ్గా తెలీదట. ఈ చుట్టుపక్కల కనబడే కొండలన్నీ పెద్ద పర్వతాల మొదళ్లు అన్నారు. భూమి లోపలి ఒత్తిడికి రాతి పొరలు నలిగి, ముడతలు పడి, పైకి లేచాయి. అది జరిగేనాటికి నేల మీద చెట్టూ లేదు, జంతువూ లేదు. అప్పటినుంచీ వాన వాటిని కడుగుతూనే ఉంది. "ఈ మామిడి తోటలేసిన ఎర్రనేల ఉంది చూడు, ఇది ఆ కొండ ఒంట్లోంచి రాలిందే. ఏరు చేసే పని ఒక్కటే, కొండని సముద్రానికి మోసుకెళ్లడం. దాన్ని కాస్త ఆలస్యం చేసినందుకు మనకి జీతమిస్తున్నారు. ఆపేస్తానని చెప్పే ఇంజినీరుని నమ్మకు" అన్నారు.

ఇంకో సంగతి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మా వాగులు తమ ఇష్టానికి వంపులు తిరగవు. కింద ఎక్కడో బండలో పాత పగులుంటుంది, దాని వెంట పోతాయి. అడ్డంగా గట్టిరాయి తగిలితే పక్కకి మళ్లుతాయి. మళ్లిన చోట వంపు బయటివైపు ఒడ్డుని కోస్తాయి, లోపలివైపు ఒడ్డున మేట వేస్తాయి. ఒకడి చేను తగ్గుతుంది, ఎదుటివాడి చేను పెరుగుతుంది. ఏరున్నంతకాలం అది జరుగుతూనే ఉంటుంది.

ఇంత తెలిసిన మనిషి కాగితమంటే మాత్రం వణికేవారు. పైనుంచి ఫోనొస్తే, గదిలో ఎవరూ లేకపోయినా, లేచి నిలబడి మాట్లాడేవారు. అప్పట్లో నేను నవ్వుకునేవాణ్ణి. తర్వాత కాగితం ముందు నేను కూడా అలాగే వణికాను. ఆ సంగతికి వస్తాను.

చెక్‌డ్యాంలో ఎర్ర పొర

నా సర్వీసు మూడో ఏట విస్సన్నపేట దగ్గర ఒక వాగు మీద చెక్‌డ్యాం కట్టించాను. నా చేతిమీద పూర్తయిన మొదటి పెద్ద పని అదే. కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు తీశారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి అది గోడ అంచు దాకా మట్టితో పూడిపోయింది. నీళ్లు నిలవాల్సిన చోట పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

నా డిజైను తప్పేమోనని వారం రోజులు అన్నం సహించలేదు. విశ్వనాథం గారు ఆ పూడికలో నడుంలోతు గుంట తీయించి, నన్ను అందులోకి దిగమన్నారు. గుంట గోడలో పొరలు పొరలుగా మట్టి. సన్నటి బురద, పైన ఇసుక, మళ్లీ బురద. ఒక్కో పెద్ద వానకి ఒక్కో జత. మోకాలి ఎత్తు దగ్గర మాత్రం జానెడు మందాన ముతక ఎర్రమట్టి, గులకరాళ్లతో సహా. అక్కణ్ణించి పైదాకా అన్నీ అలాంటి పొరలే.

"ఇదెప్పుడు మొదలైందో కనుక్కో" అన్నారు.

కనుక్కున్నాను. మొదటి వానాకాలం సగంలో ఉండగా, ఎగువ కొండకి పొక్లెయిన్లు వచ్చాయి. రోడ్లకీ, ప్లాట్లకీ గ్రావెల్ తవ్వడం మొదలుపెట్టారు. చెట్లూ, గడ్డీ పట్టి ఉంచిన నేల ఊడిపోయింది. దానికి తోడు, కింద మామిడి తోటల్లో గడ్డి మొలవకుండా శుభ్రంగా దున్ని ఉంచుతారు. చూడ్డానికి బాగుంటుంది, వానకి మాత్రం అది తెరిచిన తలుపు. ముందు పది రోజుల్లో పడే వాన ఇప్పుడు రెండు రోజుల్లో పడిపోతోందని రైతులే అంటున్నారు. ఇన్ని కలిశాక నా చెక్‌డ్యాం ఏపాటిది?

ఎవరినో తిట్టడానికి ఇది రాయడం లేదు. తిరువూరులో నేను కట్టుకున్న ఇంటి పునాదిలో పోసింది కూడా అలాంటి కొండ గ్రావెలే. ట్రాక్టరువాడు తెచ్చి పోస్తే, ఎక్కడిదని నేను అడగలేదు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఆ గుంటలో నిలబడి ఎగువన జరిగిందానికి దిగువన ఫలితముంటుందని నేర్చుకున్నాను. ఈ ఒడ్డున చేసినదానికి ఆ ఒడ్డున ఫలితముంటుందని మాత్రం నేర్చుకోలేదు. రెండూ ఒకటే పాఠమని తెలియడానికి ఒక మనిషి చనిపోవాల్సి వచ్చింది.

రాళ్లగోడ

వినగడప దాటాక ఏరు ఒకచోట పెద్ద వంపు తిరుగుతుంది. రోడ్డువైపు ఒడ్డున వెంకట్రామయ్య గారి పొలం. వంపు బయటివైపు అదే కాబట్టి కోత అక్కడే. అవతలి ఒడ్డున మేట నేల మీద పన్నెండిళ్ల చిన్న పల్లె. దాని పేరు రాయను.

వెంకట్రామయ్య గారిది మోతుబరి కుటుంబమే గానీ, మనిషి మర్యాదస్తుడు. ఆఫీసుకొచ్చి బెంచీ మీద కూర్చుని, తన వంతు వచ్చేదాకా ఎదురు చూసేవాడు. "ఏడాదికి నాలుగు సాళ్లు పోతున్నాయండి. మా నాన్న పాతిన సర్వే రాయి ఇప్పుడు ఏటి మధ్యలో ఉంది. నేనేం ఎక్కువ అడగట్లేదు, ఉన్నది ఉంచమంటున్నా" అన్నాడు. వెళ్లి చూశాను. ఆయన చెప్పింది నిజం. వరి గట్టు సగం తెగి గాలిలో వేలాడుతోంది.

ఎస్టిమేటు వేశాను. విశ్వనాథం గారు సంతకం పెట్టారు. నూట ఇరవై మీటర్ల పొడవున ఇనప వలల్లో రాళ్లు నింపి ఒడ్డుకి పేర్పించాను. కాగితాల్లో దాని పేరు వేరే, ఊళ్లో జనం రాళ్లగోడ అన్నారు. మంచి పని. ఇప్పటికీ ఒక్క రాయి కదల్లేదు. వెంకట్రామయ్య గారి చేను ఆ ఏడాది అంగుళం కూడా పోలేదు.

ఆ పని జరిగిన నాలుగు నెలల్లో నేను ఒక్కసారి కూడా ఏరు దాటి అవతలికి వెళ్లలేదు. రోడ్డు ఇటువైపే ఉంది. జీపు ఇటువైపే ఆగుతుంది. నీడ కూడా ఇటువైపే ఉంది. అవతలికి వెళ్లాలంటే చెప్పులు విప్పి మోకాలి లోతు నీళ్లలో నడవాలి. ఇంతకంటే పెద్ద కారణమేదైనా ఉంటే రాసేవాణ్ణి.

ఏటికి బలం తగ్గలేదు. కొయ్యడానికి మెత్తటి మట్టి దొరక్క రాళ్లకి తగిలి, ఎదుటి ఒడ్డు మీదకి తిరిగింది. అక్కడున్నది అది తనే తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు. పెరుగన్నంలో గరిటె దిగినట్టు దిగుతుంది.

కాంతమ్మ

గోడ కట్టిన మూడేళ్లకి కాంతమ్మ మా ఆఫీసుకొచ్చింది. అవతలి పల్లెలో ఏటికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఇల్లు వాళ్లది. ఆవిడ, భర్త ముత్యాలు, ఒక కూతురు. మేట నేలలో దోస, బీర, వంగ వేసి తిరువూరు మార్కెట్టుకి తెచ్చి అమ్ముకునేవాళ్లు. ఆవిడ ముందు గుమ్మం దగ్గరే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, మా కానుగచెట్టు ఏర్లు బైటికొచ్చినయ్యండి. పోయినేడు గట్టు అవతలుండేది ఏరు. ఇప్పుడు మా ఇంటి గోడకి దగ్గరకొచ్చేసింది. ఒకసారి వచ్చి చూడండి."

వెళ్లాను. ఆ రోజు మొదటిసారి ఏరు దాటాను. ముత్యాలు నడుముకి తువ్వాలు చుట్టుకుని, నా సంచీ పట్టుకుని ముందు నడిచాడు. మాట తక్కువ మనిషి. ఒడ్డు అంచున నిలబడి ఎదురుగా నా రాళ్లగోడ వైపు ఒకసారి చూసి, నా వైపు చూసి, తల దించుకున్నాడు. ఆ చూపు నాకు అర్థమైంది. అర్థం కానట్టు టేపు తీశాను.

ఇంటి గోడ నుంచి ఒడ్డు అంచుకి ఇరవై రెండు అడుగులు. ఇనప మేకులు పాతి గుర్తు పెట్టించాను. ఎదుటి ఒడ్డుకి కూడా రాళ్లు పేర్చాలని ప్రతిపాదన రాశాను. అది పైకి వెళ్లి ఆగిపోయింది. పొలాలున్న వైపైతే మంజూరు తేలిక, మేట నేలకి పట్టా ఉండదు, పట్టా లేని నేలకి రక్షణ ఎలా ఇస్తామని ఒక ప్రశ్న వేసి తిప్పి పంపారు. నేను జవాబు రాశాను. మళ్లీ ప్రశ్న వచ్చింది. విశ్వనాథం గారు, "ఎక్కువ కదపకు, పాత గోడ డిజైను ఎవరు చేశారని అడుగుతారు" అన్నారు. తర్వాత రాయడం మానేశాను.

మరుసటి వేసవిలో ఆవిడ మళ్లీ వచ్చింది. అప్పటికి పద్నాలుగు అడుగులే మిగిలింది.

"ఈ ఏడు ఉండొచ్చంటారా సార్?"

"వాన గట్టిగా పడితే ముందే చెప్తాం. బడిలోకి వచ్చెయ్యండి. నేనే వచ్చి తీసుకెళ్తాను" అన్నాను.

ఆ మాట నిలబెట్టుకున్నాను. ఆ సంగతి రాయకుండా ఉండలేకపోతున్నానంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా ఎక్కడో నన్ను నేను వెనకేసుకొస్తున్నానన్నమాట.

ఏరు తీసిన రోజు

ఆ వానాకాలం చివర్లో వాయుగుండం వచ్చింది. రెండు రోజులు తెరిపి లేకుండా కురిసింది. మొదటి రోజు మధ్యాహ్నమే నేనూ, ఊరి కరణం గారూ, ఇద్దరు పోలీసులూ వెనక దారిన చుట్టూ తిరిగి అవతలి పల్లెకి వెళ్లాం. కరణాలు పోయి ఎన్నేళ్లయినా, రెవెన్యూ ఉద్యోగిని జనం అలాగే పిలిచేవాళ్లు. పన్నెండిళ్ల వాళ్లనీ, గేదెలతో సహా, మిట్ట మీదున్న బడికి చేర్చాం. ముత్యాలు అందరికంటే వెనక వచ్చాడు. నెత్తిన విత్తనాల మూట.

ఏరు ఎర్రగా, ఒడ్డుకి ఒడ్డు నిండి పారింది. రెండు రాత్రులూ ఒడ్డు విరగలేదు. మూడో రోజు పొద్దున్నే ఎండ కాసింది. వరద తీసింది. నిలువెత్తు నీళ్లు తెల్లారేసరికి దిగిపోయాయి.

బడిలో పిల్లలు ఆకలితో ఏడుస్తున్నారు. పొయ్యి తడిసింది. ఆడవాళ్లకి చాటు లేదు. అందరూ ఇళ్లకి పోతామన్నారు. కరణం గారు నన్ను పక్కకి పిలిచి, "ఏమంటారు మౌలాలి గారూ? ఇంజినీర్లు మీరు, మీరు చెప్తేనే పంపిస్తా" అన్నాడు.

నేను వెళ్లి ఒడ్డు చూశాను. ఏరు బాగా కిందికి దిగి పారుతోంది. ఒడ్డు గోడలా నిటారుగా నిలబడి ఉంది. మేకులు ఎక్కడివక్కడే ఉన్నాయి. పైనుంచి చూశాను. ఇంటి వెనక్కి వెళ్లి నేల మీద పగులేమైనా ఉందేమో చూడలేదు. బురదలో కాలు జారుతోంది, రెండు రోజులుగా నిద్ర లేదు.

"పోవచ్చండి. ఏరు తీసిందిగా, ఇక భయం లేదు" అన్నాను.

ఆయన బడి గుమ్మంలో నిలబడి, "పోండి పోండి, ఇళ్లు కడుక్కోండి" అని అందరికీ చెప్పాడు.

గంట తర్వాత నేను జీపు పక్కన నిలబడి టీ తాగుతున్నాను. ఒక చప్పుడు వినిపించింది. పెద్దదేం కాదు. లారీ మీంచి ధాన్యం బస్తా కింద పడేసినట్టు. అది వినగానే నాకు తెలిసిపోయింది. గ్లాసు ఎక్కడ పెట్టానో, ఎలా పరిగెత్తానో గుర్తు లేదు.

ఇంటి ముందు సగం లేదు. దాని కింద నేల కూడా లేదు. కానుగచెట్టు వేళ్లతో సహా ఏట్లోకి ఒరిగి ఉంది. ముత్యాలు వసారాలో చేరిన బురద పారతో ఎత్తిపోస్తున్నాడట. కూతురు ఇంకా బడి దగ్గరే ఉంది, కాంతమ్మ బోరింగు దగ్గర బిందె కడుగుతోంది. ఆవిడ అరవలేదు. ఒడ్డు అంచుకొచ్చి, పొలంలో ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టు, "ఏమయ్యో... ఏమయ్యో..." అని పిలుస్తోంది. ఎవరో ఆవిణ్ణి రెక్క పట్టి వెనక్కి లాగారు. అయినా పిలుస్తూనే ఉంది.

తవ్వాం. నేను కూడా పార పట్టాను. మధ్యాహ్నం దాటాక దొరికాడు. ఆయన చేతిలో పార ఇంకా ఉంది.

కొత్తగా చేరినవాళ్లు ఈ ఒక్క పేరా అయినా గుర్తు పెట్టుకోండి. వరద నిండుగా ఉన్నప్పుడు ఒడ్డు నీళ్లు తాగి బరువెక్కుతుంది. కానీ ఏట్లో నీళ్లే దానికి ఆనుకుని ఊతంగా నిలబడతాయి. ఏరు ఒక్కసారిగా దిగిపోతే ఊతం పోతుంది. లోపల తాగిన నీళ్లు మాత్రం అంత తొందరగా బయటికి రావు. ఆ బరువు ఒడ్డుని బయటికి తోస్తుంది. అందుకే ఎన్నో ఒడ్లు వరదలో విరగవు, నీళ్లు తగ్గాక విరుగుతాయి. ఎండ కాసి, జనం ఇళ్లకి తిరిగొచ్చి, ఊపిరి పీల్చుకున్నాక విరుగుతాయి. ఇది నాకు కాలేజీలోనే చెప్పారు. పరీక్షలో వచ్చింది. బొమ్మ గీసి మరీ రాశాను. పూర్తి మార్కులొచ్చాయి.

రిపోర్టు

ముత్యాలు పోయిన మూడో రోజు విశ్వనాథం గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"ఏం రాస్తావు?"

"జరిగిందే రాస్తాను సార్. మన గోడ వల్ల ఏరు అటు తిరిగింది. ఇళ్లకి వెళ్లమని నేనే చెప్పాను."

ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "అలా రాస్తే ఎంక్వైరీ వేస్తారు. అది ఏళ్లు నడుస్తుంది. అది తేలేదాకా ఆవిడకి ఏమీ రాదు. వరదలో చనిపోయాడని రాస్తే నెలలో పరిహారం, ఏడాదిలో ఇల్లు. నువ్వు ఎవరి కోసం నిజం రాస్తానంటున్నావు మౌలాలీ? ఆవిడ కోసమా, నీ కోసమా?"

నా సీటుకి తిరిగొచ్చి ప్రకృతి వైపరీత్యం అని రాశాను. ఆయన అన్నట్టే ఆవిడకి పరిహారం వచ్చింది, విస్సన్నపేటలో కాలనీ ఇల్లు వచ్చింది. ఆయన ఆ తర్వాత రెండేళ్లకి రిటైరయ్యారు. 

చాలా ఏళ్లు ఆయన మాటనే నమ్ముకుని బతికాను. ఇప్పుడు అనిపిస్తుంది, రెండు కాగితాలు రాయొచ్చు కదా అని. ఒకటి ఆవిడ పరిహారం కోసం. ఇంకోటి మా శాఖవాళ్ల కోసం, ఎక్కడ తప్పు జరిగిందో, ఇక ఎక్కడ గోడ కట్టినా ముందు ఎదుటి ఒడ్డు చూడమని చెబుతూ. ఆ రెండోది రాస్తే కాంతమ్మకి పోయేదేం లేదు. పోయేది నాకు. రాయలేదు. తర్వాత వేరే జిల్లాల్లో అలాంటి గోడలే కట్టారు. నేను వాటిని బస్సు కిటికీలోంచి చూశాను.

ముత్యాలు పోయిన మరుసటి వేసవిలో వెంకట్రామయ్య గారు గంపెడు మామిడికాయలు పంపాడు. "మీరు కాపాడిన చేని గట్టు మీద చెట్టు కాపు" అని కబురు. ఆయనకి నా మీదున్న కృతజ్ఞత నిజమైనదే. రజియా ఒక పండు కోసి ఇస్తే తినలేకపోయాను. ఎందుకని అడిగింది. అప్పుడు ఆవిడకి మొత్తం చెప్పాను. "నాకు చెప్పి ఏం లాభం? చెప్పాల్సినవాళ్లకి చెప్పండి" అంది.

ఆ మాట వినడానికి నాకు ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. మధ్యలో వేరే జిల్లాలకి బదిలీలయ్యాయి. అది సాకు. సెలవుల్లో తిరువూరు వస్తూనే ఉన్నాను. విస్సన్నపేట ఎంత దూరం?

షెడ్డులో

రిటైరయ్యే నెలలో వెళ్లాను. కాంతమ్మ కాలనీ ఇంట్లో లేదు. సీజను కావడంతో మామిడికాయల షెడ్డులో ఉందన్నారు. రేకుల కింద పదిమంది ఆడవాళ్లు కాయల్ని సైజుల వారీగా ఏరుతున్నారు. ఆవిడ చివరన కూర్చుని ఉంది.

"నేను గుర్తున్నానా అమ్మా?"

"మౌలాలి సారు కాదూ! జుట్టంతా తెల్లబడిందే. కూర్చోండి."

పక్కన బోర్లించిన ట్రే మీద కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలీక నేరుగా చెప్పేశాను. "ఏరు మీ వైపు తిరగడానికి కారణం నేను కట్టించిన రాళ్లగోడ."

ఆవిడ చేతులు ఆగలేదు. "తెలుసండి. రాళ్లు పేర్చిన ఏడే మా ఆయనన్నాడు, ఇంక ఏరు మనమీదకొచ్చుద్దే అని. పుట్టిందగ్గర్నుంచీ ఆ ఏట్లో మునిగినోడు, ఆయనకి తెలవదా?"

"మరి నాతో అనలేదేం?"

"మీరు గోడ కట్టినన్నాళ్లూ మా పక్కకి రాలేదుగా. వచ్చేసరికి కట్టేశారు. పీకమంటే పీకుతారా?"

ఇంకోటి మిగిలింది, అదీ చెప్పాను. "ఆ రోజు బడి దగ్గర్నుంచి ఇళ్లకి వెళ్లొచ్చని చెప్పింది కూడా నేనే."

అప్పుడు ఆగాయి ఆవిడ చేతులు.

"కరణం గారు కదండీ చెప్పింది?"

"ఆయన నన్ను అడిగాడు. నేను పోవచ్చన్నాను. ఒడ్డు సరిగ్గా చూడకుండానే అన్నాను."

ఆవిడ చేతిలో ఉన్న కాయని ఇటూ అటూ తిప్పి, ఏ గంపలో వెయ్యాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుంది. పక్కనున్న ఆడవాళ్లు మా వైపు చూడటం మొదలుపెట్టారు.

"ఇన్నాళ్లూ ఆ కరణం గారిని తిట్టుకున్నానండి" అంది చివరికి. "ఆయన పోయినప్పుడు కూడా చూడబోలా."

నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆవిడ మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుంది.

ఆవిడే మళ్లీ అడిగింది. "ఇప్పుడు ఏరెక్కడుంది? నేనటు పోక చాలా ఏళ్లయింది."

"మీ ఇల్లున్న చోటే పారుతోంది."

"ఇంకా ఇటే వచ్చుద్దా?"

"వస్తుంది."

"మా వెనకమాల నాగేశ్వరరావోళ్లు ఉండాల. ఉన్నారా?"

"తెలీదమ్మా."

"తెలుసుకోండి" అంది. కాయని గంపలో వేసి, ఇంకోటి తీసుకుంది. "ఇంక వెళ్లండి సార్. మాకు పనుంది."

మరునాడు పొద్దున్నే వెళ్లాను. నాగేశ్వరరావు అక్కడే ఉన్నాడు. భార్య, ఇద్దరు పిల్లలు, రెండు గేదెలు. గేదెల పాక దగ్గర్నుంచి ఒడ్డు అంచుదాకా నడిచి లెక్కపెట్టాను. తొంభై రెండు అంగలు. "ఇంకా అంత దూరం ఉందిగా సార్" అన్నాడతను. అప్పటినుంచీ ఏటా వానలు వెనకబట్టాక వెళ్లి చూస్తున్నాను. పోయిన కార్తీకంలో డెబ్బై ఎనిమిది అంగలే వచ్చాయి. ఆ ఒడ్డుకి రాళ్లు పేర్చమని రాసిన అర్జీలకి జవాబు రాలేదు. పేర్చితే మళ్లీ ఏరు ఎటు తిరుగుతుందో చూడమని కూడా వాటిలో రాశాను. ఆ మాటకీ జవాబు లేదు.

పోయినసారి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పాను. "ఏరు వచ్చిన రోజు మీరు ఎలాగూ జాగ్రత్తగానే ఉంటారు. తీసిన రోజు జాగ్రత్త. నీళ్లు తగ్గాయని వెంటనే ఇంటికి రావద్దు. కలెక్టరు చెప్పినా రావద్దు. ఇంజినీరు చెప్పినా రావద్దు. నేనొచ్చి పొమ్మన్నా సరే, రావద్దు."

నాగేశ్వరరావు నవ్వాడు. "మీరే పొమ్మంటే రాకుండా ఎట్టా ఉంటాం సార్?"

అతని భార్య నవ్వలేదు. తలుపు పట్టుకుని నిలబడి, "ఎన్ని రోజులు ఆగాలండీ? రెండా, మూడా?" అని అడిగింది.

మూడన్నాను.